ముల్లు తెలిసినవాళ్లు

పాత రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్ల పనితనం తెలియాలంటే ముందు వాళ్ల ముళ్ల డబ్బీ తెరిచి చూడాలి. ఎల్పీ గాడికి సుమారు 25 మైక్రాన్ల మొన చాలు. 78 స్పీడు రికార్డుకు దాదాపు 75 కావాలి. అందులో సన్న ముల్లు పెడితే అది గాడి అడుగున దుమ్ములో ఈదుతుంది, పద్యం కన్నా బరబరే ఎక్కువ వినిపిస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ఒక్క రికార్డుకే రెండు మూడు ముళ్లు మార్చి చూస్తారు. వెనకటి ఉక్కు సూదులు అరగదీసిన చోటుకు కాస్త పైనో కిందో, ఇంకా చెక్కుచెదరని గోడ కోసం వెతుకుతారు.

కడగడంలోనూ అంతే జాగ్రత్త. చాలా 78లు లక్క కలిపి చేసినవి. స్పిరిట్ తగిలితే కరుగుతాయి.

తర్వాత ఫోనో ప్రీయాంప్, అంటే ముల్లు తెచ్చిన సన్న సంకేతాన్ని పెంచి బాస్‌ను సరిచేసే పెట్టె. 1954 ప్రాంతంలో ఆర్ఐఏఏ అనే ఉమ్మడి కొలత స్థిరపడకముందు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. గాడి కోసేటప్పుడు బాస్ ఎంత తగ్గించారో చెవితోనే పట్టుకోవాలి. నాటక పద్యమైతే హార్మోనియం దారి చూపిస్తుంది. స్టీరియో కార్ట్రిడ్జ్ ఇచ్చే రెండు చానెళ్లను కలిపేస్తే సగం రొద అక్కడే అణుగుతుంది. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో దాచుకుంటే చాలు. సౌండ్ కార్డు కోసం అప్పు చేసేవాళ్లూ ఉన్నారు. ఆ డబ్బు ముల్లు మీద పెట్టడం మేలంటాను.

నాకు బాగా నచ్చేది వాళ్ల నిగ్రహం. మీట నొక్కితే చిటపటలన్నీ తుడిచేసే సాఫ్ట్‌వేర్ ఉంది, కాస్త ఎక్కువైతే ఘంటసాల ఊపిరినీ తుడిచేస్తుంది. వాళ్లు ముందు ముట్టుకోని ప్రతిని భద్రం చేసి, పెద్ద చిటుకులను మాత్రం బియ్యంలో రాళ్లలా ఒక్కొక్కటే ఏరుతారు.