పాఠం పక్కన గడి: ఒక పరిశీలన

బిలాస్‌పూర్ నుండి కట్నీ వెళ్లే రైలు మార్గంలో కర్గీ రోడ్ అనే స్టేషన్ ఉంది. అది నెలకొన్నది కోటా పట్టణంలో. స్టేషన్ పేరు చివర ‘రోడ్’ చేర్చడం రైల్వేవారి పాత సంప్రదాయం. ఫలానా ఊరికి దారి ఇటు అని సూచించడమే దాని పని. నేడు పాఠ్యపుస్తకాలలో పాఠం పక్కన కనిపించే క్యూఆర్ కోడ్ స్వభావమూ ఇటువంటిదే. అది దారి మాత్రమే. పాఠం వేరొక చోట ఉంటుంది.

1994లో జపాన్‌లోని డెన్సో సంస్థలో మసహిరో హారా బృందం మోటారు వాహనాల విడిభాగాల ఆచూకీ కోసం ఈ గడిని రూపొందించింది. 2017 సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ‘దీక్షా’ వేదికను ప్రారంభించిన తరువాత ఇది తెలుగు పాఠ్యపుస్తకాలలోనూ చోటు చేసుకుంది.

దీనివల్ల సాహిత్యానికి కలిగే మేలును తక్కువగా చూడరాదు. పద్యం చెవికి చెందిన కళ. యతిప్రాసలు అచ్చులో కనిపిస్తాయి గాని వినిపించవు. రైల్వే కొలువులతో బిలాస్‌పూర్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో, బడిలో హిందీ చదివే పిల్లవానికి పద్యం నడకను వినిపించే గొంతు దొరకడం చిన్న లాభం కాదు.

అయితే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. గడి వెనుక ఉన్నది ఎవరి పాఠం? పుస్తకానికి ముద్రణ సంవత్సరం, సంపాదకుల పేర్లు ఉంటాయి. గడి మారకుండానే దాని వెనుక విషయాన్ని మార్చవచ్చు. ఆ మార్పుకు పుటలో జాడ ఉండదు. 1829లో వేమన పద్యాలను ప్రకటించిన సి.పి. బ్రౌన్ తాళపత్ర ప్రతులను పోల్చి చూశాడు. ప్రతులు మిగిలి ఉండబట్టే అది సాధ్యమైంది. ముద్రిత గడిలో సుమారు 30 శాతం చెడినా చదవగలిగే ఏర్పాటు ఈ విధానంలో ఉంది. కాని గడి సూచించే చిరునామాయే మూతపడితే, చెక్కుచెదరని గడి కూడా మూగదే.

కనుక గడి కింద విషయమేమిటో, గొంతు ఎవరిదో, ఏ సంవత్సరం నాటిదో తెలుగులో ముద్రించాలి. మార్చిన ప్రతి పాఠానికీ పాత ప్రతిని గ్రంథాలయంలో భద్రపరచాలి. అన్నింటికీ మించి, ఫోను లేని పిల్లవానికి కూడా పుటలోని పాఠం సమగ్రంగా అందాలి. పాఠ్యపుస్తక సంఘాలు పుటను పరిశీలించినంత శ్రద్ధగా గడి వెనుక విషయాన్నీ పరిశీలించడం వాటి విధిలో భాగమే.