సాక్ష్యమునకు సమయము

ఆదివారపు ఆరాధనలో ప్రసంగమునకు ముందు అయ్యగారు “సాక్ష్యములు చెప్పువారు లేవవచ్చును” అని పలికి కూర్చుండినప్పుడు, మన తెలుగు సంఘములలో కొంతసేపు ఎవ్వరును కదలరు. పిమ్మట స్త్రీల వైపునుండి ఒకామె కొంగు సవరించుకొని లేచి, గతవారము తన యింట వచ్చిన జ్వరమును గూర్చియో, కుమారుని పరీక్షను గూర్చియో, అప్పులవాని యొత్తిడిని గూర్చియో చెప్పి, ఆ కష్టము నడుమ దేవుడు తనయెడ చూపిన కృప యిట్టిదని ముగించి కూర్చుండును. చిన్ననాటినుండి ఈ సాక్ష్యములను వినుచు, అప్పుడప్పుడు నేనును చెప్పుచు వచ్చినవాడను గనుక, చూచుటకు తేలికగా నుండు ఈ పని మిక్కిలి కఠినమైన విద్య యని చెప్పగలను.

కష్టము తీరినదన్న కథ చెప్పుటలో కాఠిన్యమేమియు లేదు. జ్వరము తగ్గెను, ఉద్యోగము దొరకెను, కావున దేవుడు కృప చూపెను అన్నచో విన్నవారందఱు స్తోత్రమనుదురు. కాని జ్వరము తగ్గక మనిషి పోయిన యింటివారును ఆ వెనుక బెంచీమీదనే కూర్చుండి యుందురు. ఈ తర్కము చొప్పున వారి గడప కృప తొక్కలేదనవలసివచ్చును. పౌలు తన శరీరమందలి ముల్లు తొలగవలెనని ముమ్మారు వేడుకొనెను, ముల్లు తొలగలేదు, కృప చాలునన్న ప్రత్యుత్తరము మాత్రము లభించెను. ఆ మాటను రంగుల క్యాలెండరులపై అచ్చువేయించి గోడలకు వ్రేలాడదీసికొన్న మనము, అది నెరవేరని ప్రార్థనకు వచ్చిన జవాబన్న సంగతిని సులభముగా మఱచిపోవుచుందుము.

ఈ ఆలోచన వచ్చినపుడెల్ల నాకు ఒంగోలు కరవు జ్ఞప్తికి వచ్చును. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును దహించిన ఆ మహాక్షామములో అమెరికన్ బాప్టిస్టు మిషనరీయగు జాన్ క్లౌ, స్వదేశమున సర్వే పని నేర్చినవాడగుటచే, బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టుకు తీసికొని, ఆకటితో వచ్చిన వేలమందికి, విశేషముగా మాదిగపల్లెలవారికి, కూలి దొరకునట్లు చేసెను. పని విరామములలో బోధకులు వారి నడుమ కూర్చుండి క్రీస్తు మాటలు చెప్పుచుండిరి. బాప్తిస్మము కోరువారు నానాటికి పెరిగిరి. క్లౌ ఇయ్యలేదు. గింజల కొఱకు చేరిరన్న మాట రాకుండుటకై ఏడాదికి పైగా ఒక్కరికిని ఇయ్యక ఆపెను. సహాయము ముగిసి, ఇక నావద్ద ఇచ్చుటకేమియు లేదు, ఇండ్లకు పొండని చెప్పినను జనులు కదలక, అరచేతుల బొబ్బలు చూపి, కష్టపడి పని చేసికొన్నాము, ఇకమీదటను చేసికొందుము, మేము వచ్చినది సహాయము కొఱకు కాదని పలికిరని అతడు తన జ్ఞాపకములలో చెప్పికొనెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. దేశీయ బోధకులార్గురు ఇద్దరేసి చొప్పున వంతులు మార్చుకొనుచు నీట నిలిచిరి. ఆనాడు క్లౌ స్వహస్తముతో ఎవ్వరికిని ఇయ్యలేదు.

మిషను చరిత్రలు వ్రాసినవారందఱు ఆ సంఖ్యను ఘనముగా చెప్పుదురు. నాకు మాత్రము దానికి ముందటి ఆ యేడాది నిరీక్షణయే గొప్పదిగా తోచును. ఆకలి కడుపున నున్నపుడు పలికిన కృతజ్ఞతను అతడు సాక్ష్యముగా గైకొనక, ఆ కడుపునకు కావలసినది మొదట చూచెను. అంతమాత్రమున కాలువ కూలి కృప కాదని నేననను. త్రవ్విన మట్టి తట్టకు దొరకిన అణాలలో కృప లేకున్నచో మఱెందున్నదో నాకు తెలియదు. అయితే, ఆ నదివఱకు రాకమునుపే త్రోవల ప్రక్కన ఒఱగిపోయినవారి పక్షమున సాక్ష్యము చెప్పువారు లేరు. ఆ సంఖ్యను ఉత్సాహముతో వల్లించు పుస్తకములను చదువునపుడు ఈ మాట నన్ను కలతపెట్టక మానదు.

మా నాయన మంచము పట్టిన దినములలో మా యమ్మ ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకము చివరి ఖాళీ పుటలలో పెన్సిలుతో కొన్ని పద్దులు వ్రాసికొనెడిది. ఎదురింటి రెడ్డిగారి కోడలు, మజ్జిగ. కంపౌండరు సూదిమందుకు డబ్బు వద్దనెను. రాత్రి దగ్గు లేదు, రెండు గంటలు కునుకు. పాలవాడు బాకీ అడుగలేదు. నాయన ప్రభువునందు నిద్రించిన దినమున సైతము ఒక పద్దు కలదు: గొయ్యి త్రవ్వినవారికి కాఫీ పెద్దమ్మ యింటినుండి వచ్చెను. ఆ పుటలలో దేవుని పేరు ఒక్కచోటను లేదు. నాయన బ్రతుకునన్న ఆశయు లేదు. సంఘములో లేచి సాక్ష్యము చెప్పుమని ఎందఱడిగినను ఆమె చాలకాలము లేవలేదు. లేచిననాడు మజ్జిగ సంగతి, దగ్గు లేని రాత్రి సంగతి మాత్రము చెప్పి కూర్చుండెను. నాయన మరణమునకు కారణమేమని దేవుని తరపున వివరించుటకు ఆమె పూనుకొనలేదు. పరామర్శకు వచ్చి అట్టి వివరణలు ఉదారముగా పంచిపెట్టిన బంధువులకు కొదవ లేకుండెను గనుక, ఆ పని వారికే విడిచిపెట్టెనని నా యూహ.

వేదగ్రంథమున విలాప కీర్తనలనేకములు కలవు. వానిలో పెక్కు ఏడ్పుతో మొదలై స్తుతివైపు తిరుగును. 88వ కీర్తన అట్లు తిరుగదు. తొలిమాటలోనే దేవుని రక్షకునిగా పిలిచి, రేయింబవలు మొఱపెట్టి, ఎట్టి ఊఱటయు లేక చీకటియందే ఆగిపోవును. అయినను దానిని కూర్చినవారు తీసివేయలేదు, చివర ఒక స్తోత్రమును అతికింపలేదు. పలుకనివానినే పిలుచుచుండుట అవిశ్వాసి చేయు పని కాదు. ఆ పిలుపు ఆగకుండుటయే కష్టకాలమున కంటికానని కృప యని నేను నమ్ముదును. సాక్ష్యముల సమయమున ఈ కీర్తనను చదువగా నేనెన్నడును వినలేదు. మొన్న అయ్యగారిని కలిసి, ఒక్క ఆదివారము దీనిని చదివింపరాదా యని అడిగితిని. ఆయన కొంత తడవు ఆలోచించి, “చదివిద్దామండీ, కాని దాని వెంబడి ఏ పాట పాడించమంటారు?” అనెను. శ్రమల దినముల కీర్తనలను తిరగవేయుచున్నాను; ప్రతిదానికిని ఆఖరి చరణము సంతోషముగానే యున్నది.