కూలి అనే రెండక్షరాలు

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు నేను మా ఊరి రాత్రి బడిలో వాలంటీర్‌ని. ఒక ఇంటి పంచ, ఒక లాంతరు, పద్దెనిమిది పలకలు. అదే మా బడి. పగలంతా నాట్లు వేసి, ఇంటికెళ్లి వండి వార్చి, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చేవాళ్లు ఆడవాళ్లు. నారు సుతారంగా నాటే ఆ వేళ్లలో బలపం మాత్రం పుటుక్కున విరిగేది.

మా వాచకం అ, ఆలతో మొదలుకాదు. ముందు బొమ్మ, కింద ఒక మాట, ఆ మాట చుట్టూ ముచ్చట్లు, ఆ తర్వాతే అక్షరాలు. నాకేమో ముచ్చట్లు త్వరగా ముగించి అక్షరాలు దిద్దించాలని ఆత్రం. ఒక రాత్రి ‘కూలి’ అని రాయించాను. వెనక కూర్చున్న పెద్దావిడ మూడుసార్లు చెరిపి రాసింది. కుదిరాక పలకను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసి, ‘‘పలక మీదికొచ్చింది గానీ నాయనా, ఇంటికే రావడంలా’’ అంది. పక్కావిడ తన మొగుడు వారంలో ఎన్ని సారా ప్యాకెట్లు తాగుతాడో వేళ్ల మీద లెక్క చెప్పింది. ఆ మాట మిగతా అందరి నోళ్లూ విప్పింది. ఆ రాత్రి ఇంకో అక్షరం దిద్దలేదు. పాఠం పాడైందని బాధపడ్డాను. అసలు పాఠం అదేనని మా జిల్లాలోనే ఉన్న దూబగుంట అనే ఊరు చెప్పాకే తెలిసింది.

దూబగుంటలోనూ ఇలాంటి రాత్రి బడే. వాచకంలో తాగుడు వల్ల చితికిపోయిన ఇల్లాలి కథ చదివి, అది తమ కథేనని గుర్తుపట్టిన ఆడవాళ్లు కలిసి వెళ్లి ఊళ్లో సారా ఆపించారు. వాళ్లను ముందుండి నడిపిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. వాళ్ల గెలుపే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై పక్క ఊళ్ల బడులకు చేరింది. 1992లో నెల్లూరులో సారా అమ్మకం హక్కుల వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఇంత సాధించిన ఆ రోజుల్లో, జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి 33 మంది కూడా లేరు.

1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. చట్టం వెనక్కి పోయింది. కానీ సారా పోరాటంలో కలెక్టరు ఎదుట నిలబడి మాట్లాడిన ఆడమనిషి మళ్లీ తలుపుచాటుకు పోలేదు. చదువు తెచ్చే మార్పంటే నాకు అదే.

అందుకే వయోజనులకు చదువు చెప్పేవాళ్లతో ఒక మాట. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వ ఉల్లాస్ పథకం కింద పదిహేనేళ్లు నిండిన నిరక్షరాస్యులకు వాలంటీర్లు మళ్లీ చదువు చెబుతున్నారు. పరీక్ష ఉంది, సర్టిఫికెట్ ఉంది, మంచిదే. కానీ సంతకం నేర్పి లేచి వెళ్లిపోకండి. చదువుకోవడానికి వచ్చిన ఆమె బతుకులోంచి ఒక మాట తీసుకోండి. అప్పు, రేషను, కూతురి పెళ్లి, ఏదైనా సరే. దాన్ని పలక మీద రాయించి, ఆమె చెప్పేది పూర్తిగా వినండి. పది మంది కూర్చుని వినేలా చూడండి. ఆ రాత్రి రెండక్షరాలే వచ్చినా పాఠం అయినట్టే.