తోలుబొమ్మల మేళానికి లినక్స్ తోడు

ధర్మవరం మండలం నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ తెచ్చిపెట్టిన తోలుబొమ్మలాటలో కంటికి బొమ్మ ఎంతో చెవికి మేళం అంత. తెర వెనుక హార్మోనియం శ్రుతి పట్టగా మృదంగం, తాళాలు, గజ్జెలు కథను నడిపిస్తాయి, యుద్ధ ఘట్టాల్లో కాలికింది చెక్కల దడదడ రణరంగాన్ని తలపిస్తుంది. హిందూపురానికి చేరువనున్న లేపాక్షి నాట్యమండపంలో 16వ శతాబ్దపు శిల్పులు వాద్యకారులను స్తంభాలపై నిలిపారు గాని వారి చేతి దరువు రాతికెక్కలేదు. నేటి మేళానికి ఆ గతి పట్టకుండా చూడటానికి ఖరీదైన స్టూడియో అక్కరలేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల్లోని ఔత్సాహికులకు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించిన సాధారణ కంప్యూటరు, ఒక మంచి మైకు, హెడ్‌ఫోన్లు చాలు.

ఉబుంటు స్టూడియో వంటి లినక్స్ కూర్పుల్లో సంగీతానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ముందే అమరి, ఉచితంగా లభిస్తుంది. అందులో ఆల్సా అనే భాగం సౌండ్ కార్డుతో మాట్లాడుతుంది. ధ్వనిని ఒక ప్రోగ్రామ్ నుంచి మరొకదానికి మళ్లించే పనిని పాల్ డేవిస్ రూపొందించిన జాక్, ఇటీవలి కాలంలో పైప్‌వైర్ నిర్వహిస్తాయి. పొరలు పొరలుగా రికార్డు చేసి కూర్చడానికి అదే డేవిస్ ప్రారంభించిన ఆర్డోర్ ఉంది.

తొలి మెట్టులో నిజంగా అర్థం చేసుకోవలసినది ఆలస్యం. కంప్యూటరు సెకనుకు 48,000 నమూనాలుగా ధ్వనిని కొలుస్తూ, కొన్నింటిని బఫర్ అనే తాత్కాలిక నిల్వలో పోగుచేసి ఒక్కసారిగా ముందుకు పంపుతుంది. ఆ నిల్వ 1,024 నమూనాలైతే దానివల్లనే సుమారు 21 మిల్లీసెకన్లు, 256 అయితే సుమారు 5 మిల్లీసెకన్లు గడుస్తాయి. హెడ్‌ఫోన్లలో తన దెబ్బను తానే వింటూ వాయించే మార్దంగికుడికి ఆ తేడా లయకే అడ్డు, అలాగని నిల్వను మరీ తగ్గిస్తే యంత్రం అందుకోలేక శబ్దం చిటపటలాడుతుంది. కనుక వాయించేటప్పుడు చిన్న బఫర్, కూర్పు సమయంలో పెద్ద బఫర్ వాడటం మేలు.

తాళం నేర్చుకోవడానికి హైడ్రోజన్ అనే డ్రమ్ యంత్రం అక్కరకొస్తుంది. ధర్మవరం మగ్గంపై జకార్డు అట్టల రంధ్రాలు ఏ పోగు లేవాలో నిర్ణయించినట్లే, ఇందులోని గడులు ఏ దెబ్బ ఎప్పుడు పడాలో నిర్ణయిస్తాయి. సాధారణంగా ఆ గడులు నాలుగు లెక్కకు అమరి ఉంటాయి. వాటి నిడివిని ఏడుకు మార్చి మూడు, నాలుగుగా విడదీస్తే మిశ్రచాపు సిద్ధమవుతుంది. సిద్ధంగా దొరికే డ్రమ్ముల బదులు, నిమ్మలకుంట చెక్కల చప్పుడునే కళాకారుల అనుమతితో రికార్డు చేసి ఆ గడుల్లో వాడటం ఎంతో సముచితం.

గాత్రం విషయంలో మాత్రం గడులను నమ్మరాదు. స్వరాలను కంప్యూటరుకు అంకెలుగా అందించే, 1983లో వచ్చిన మిడి పద్ధతి ప్రతి మెట్టుకూ ఒక అంకె కేటాయిస్తుంది గాని, స్వరం నుంచి స్వరానికి జారే గమకం ఆ అంకెల మధ్య ఉంటుంది. స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్‌తో దాన్ని అనుకరించడం కన్నా గొంతునే మైకులో పట్టడం మేలు. ఒక్కొక్క వాద్యాన్ని వేరువేరు ట్రాకుల్లో ఉంచి, నాణ్యత తగ్గని ఫ్లాక్ రూపంలో రెండు చోట్ల భద్రపరచి, కథ పేరు, ఊరు, తేదీ, పాడినవారి పేర్లు వారి సమ్మతితో రాసిపెడితే, ఆ మేళం నుంచి మృదంగాన్ని మాత్రమే విని నేర్చుకోదలచిన శిష్యుడికి కూడా అది పాఠంగా పనికివస్తుంది.