ఏ పోర్టులో ఎవరున్నారు?

కరెంటు స్తంభం మీద ఫైబరు తెగితే ఊరంతా చూస్తుంది. లారీ తగిలిందనో, కొమ్మ విరిగిపడిందనో కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు. కేబుల్ ఆపరేటరు కంట్రోల్ రూమ్ స్విచ్చిలో ఒక్క పోర్టు తప్పుగా సెట్ చేస్తే మాత్రం ఎవరికీ కనపడదు. లైట్లు ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంటాయి. కాలేజీలో సగం ల్యాబుకే నెట్ వస్తుంది, ఆఫీసులో ప్రింటరు పలకదు, ఇంట్లో సీరియల్ మధ్యలో ఆగి చక్రం తిరుగుతుంది. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డల్లో ఈ జబ్బును చిటికెలో పట్టేసే కుర్రాళ్లున్నారు. వాళ్లలో కేబుల్ టీవీ ఆపరేటర్ల దగ్గర వైర్లు లాగుతూ పని నేర్చుకున్నవాళ్లు తక్కువేం కాదు. వాళ్ల విద్య గురించి ఎవరూ రాయరు.

డిష్ గొడుగులు, నల్లటి కేబుల్ వైరు, వీధికో యాంప్లిఫయరు: ఈ వృత్తి మొదలైంది అక్కడ. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు, నెలకు 149 రూపాయలకు టీవీ, నెట్, ఫోన్ మూడూ ఇళ్లకు చేర్చే పని ఈ ఆపరేటర్ల చేతిలోకే వచ్చింది. కంట్రోల్ రూమ్‌లో వీధుల ఫైబరంతా వచ్చి చేరే ఓఎల్‌టీ పెట్టె చేరింది. అందులో ఒక్కో పోర్టు నుంచి సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు దిగితే, స్ప్లిట్టర్లు దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతాయి. వీధుల నుంచి తిరిగి వచ్చే సరుకంతా చివరికి స్విచ్చి గుండానే పైకి పోవాలి.

స్విచ్చి చేసే పని చూడ్డానికి చిన్నదే. వచ్చిన ప్రతి ఫ్రేమ్ మీద, అంటే ప్రతి డేటా మూట మీద, పంపినవాడి మ్యాక్ అడ్రసు చదువుతుంది, అది ఏ పోర్టులోంచి వచ్చిందో పట్టికలో రాసుకుంటుంది, తర్వాత ఆ అడ్రసుకు వచ్చినదాన్ని ఆ పోర్టుకే పంపుతుంది. పాత హబ్ అయితే అందరి మాటా అందరికీ వినిపించేది. 1990లో తొలి ఈథర్‌నెట్ స్విచ్చిని మార్కెట్లోకి తెచ్చిన అమెరికా కంపెనీ పేరు కల్పన. వ్యవస్థాపకుల్లో ఒకరైన వినోద్ భరద్వాజ్ తన భార్య పేరే కంపెనీకి పెట్టారు. ఆ తొలి స్విచ్చికి ఏడే పోర్టులు. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది.

ఊరికే తగిలిస్తే స్విచ్చి అందరినీ ఒకే గదిలో కూర్చోబెడుతుంది. బ్యాంకు కంప్యూటరూ, పక్క లాడ్జిలో సెల్‌ఫోనూ ఒకే గదిలో ఉండకూడదు కదా. అందుకే ఒకే స్విచ్చిని వేర్వేరు గదులుగా విడగొట్టే వీల్యాన్‌లు. డెల్టాలో పుట్టినవాడికి దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు: పెద్ద కాలువ ట్రంక్ పోర్టు, పొలానికి పెట్టిన తూము యాక్సెస్ పోర్టు, ఏ తూము ఎంత ఎత్తాలో తెలిసిన లస్కరు ఈ కుర్రాడు. తేడా ఒక్కటే. కాలువ నీటికి ఎవరి చేనుకు పోవాలో తెలియదు. ట్రంకులో పోయే ఫ్రేమ్ మాత్రం సాధారణంగా తన వీల్యాన్ నంబరు మోసుకునే పోతుంది. ఆ నంబరుకు 12 బిట్ల చోటుంది కాబట్టి 4094 వీల్యాన్‌ల దాకా వాడుకోవచ్చు. యాక్సెస్ పోర్టు దగ్గర ఆ నంబరు ఊడిపోతుంది. ఇంట్లో టీవీకి గానీ కంప్యూటరుకు గానీ అది వచ్చిందన్న సంగతే తెలియదు.

పనితనం బయటపడేది ట్రంక్ దగ్గరే. ఇప్పటికే 10, 20 వీల్యాన్‌లు పోతున్న ట్రంకులోకి కొత్తగా 30ని ఎక్కించాలి. సిస్కో స్విచ్చిలో కొట్టాల్సిన లైను ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 30’. తొందరలో ఆ ‘యాడ్’ మర్చిపోయారా, స్విచ్చి 30 ఒక్కదాన్నే ఉంచి పాతవాటన్నిటినీ తీసేస్తుంది. అడగదు, హెచ్చరించదు. కొత్త కనెక్షన్ బ్రహ్మాండంగా పనిచేస్తుంటుంది, మిగతా ఊరు చీకటైపోతుంది. మచిలీపట్నంలో కూర్చుని కోడూరు స్విచ్చికి ఈ పని చేస్తే మనం లోపలికి పోయే దారి కూడా దాంతోపాటే తెగిపోతుంది. ఇక బండి తీయాల్సిందే.

దీనికి పాతకాపులు నేర్పే మందు ‘రీలోడ్ ఇన్ 10’. మార్పు చేసే ముందే, పది నిమిషాల్లో నీ అంతట నువ్వు రీస్టార్ట్ అవ్వమని స్విచ్చికి చెప్పి ఉంచడం. చేసిన మార్పు బాగుంటే ఆ ఆజ్ఞను రద్దు చేసి, అప్పుడు సేవ్ చేస్తారు. తెగిపోతే చేతులు కట్టుకుని కూర్చుంటారు. పది నిమిషాలకు స్విచ్చి పాత సెట్టింగులతో తనే లేస్తుంది. సేవ్ ముందే కొట్టేసినవాడిని మాత్రం ఏ మందూ కాపాడదు. నన్నడిగితే ఈ వృత్తిలో సగం తెలివి ఈ ఒక్క అలవాటులోనే ఉంది.

లూప్ ఇంకో రకం గండం. బల్ల కింద వేలాడే ప్యాచ్ కార్డు చూసి, ఊడిపోయిందేమో పాపం అని ఎవరో దాని రెండో కొస కూడా అదే స్విచ్చిలో గుచ్చుతారు. ఈథర్‌నెట్ ఫ్రేముకు ఆయుష్షు లెక్క ఉండదు. తిరిగినదే తిరుగుతూ పెరిగిపోతుంది. లైట్లన్నీ ఒకేసారి పిచ్చెత్తినట్టు కొట్టుకుంటుంటే అనుభవజ్ఞుడికి గుమ్మంలోనే అర్థమవుతుంది. 1985లో రేడియా పర్ల్‌మన్ రూపొందించిన స్పానింగ్ ట్రీ దీన్ని అడ్డుకుంటుంది: దారులన్నీ లెక్కగట్టి, అదనంగా ఉన్నదాన్ని మూసేస్తుంది. కానీ ఆ లెక్కకు పెద్దగా ఒక స్విచ్చిని ఎన్నుకోవాలి. మనం ఏమీ చెప్పకపోతే అన్నిటికీ ప్రయారిటీ 32768 ఒకటే కాబట్టి, తక్కువ మ్యాక్ అడ్రసు ఉన్నదే గెలుస్తుంది. తరచుగా అది మూలన దుమ్ము పట్టిన పాత స్విచ్చే అవుతుంది. అందుకే పని తెలిసినవాడు కంట్రోల్ రూమ్‌లోని మంచి స్విచ్చికి 4096 ఇచ్చి పెద్దరికం కట్టబెడతాడు.

రాత్రి ఎనిమిది దాటాక రద్దీ సంగతి వేరు. ఫోన్ మాటకు ముందు దారి, సినిమా డౌన్‌లోడ్‌కు వెనక దారి ఇచ్చేందుకు ఫ్రేములో 0 నుంచి 7 దాకా ఎనిమిది మెట్లున్నాయి. టీవీ చానళ్లను అడిగిన పోర్టుకే పంపే ఐజీఎంపీ స్నూపింగ్ ఉంది. అయితే లైనే చాలకపోతే ఈ మెట్లు ఎవరు ముందు పోవాలో చెబుతాయే గానీ లైనును వెడల్పు చెయ్యవు. కస్టమరుకు ఈ మాట నిజాయతీగా చెప్పే ఆపరేటరు అరుదు.

ఇక మన నేల పెట్టే పరీక్షలు. సముద్రపు గాలికి నాగాయలంక వైపు జాక్‌ల కాంటాక్టులకు చిలుము పడుతుంది. రాగి కేబులు 100 మీటర్లు దాటితే నమ్మకం లేదు. చేపల చెరువు గట్టు మీద కెమెరా పెట్టాలంటే ఆ దూరం చాలదు. రెండు భవనాల మధ్య రాగి తీగ లాగితే పిడుగుకు దారి వేసినట్టే. అక్కడ ఫైబరే వెయ్యాలి. కెమెరాలకు డేటా పోయే రాగి తీగలోనే కరెంటు పంపే పీఓఈ పోర్టు సాధారణంగా 15.4 వాట్లు, పెద్ద రకమైతే 30 వాట్లు ఇస్తుంది. స్విచ్చి మొత్తం ఎంత ఇవ్వగలదో చూసుకోకుండా కెమెరాలు తగిలించుకుంటూ పోతే, చివర్లో పెట్టినది వెలగదు.

ఇంత విద్యా నోటి మాటగానే చేతులు మారుతోంది. గురువుగారు ఊరు మారితే ఏ పోర్టులో ఎవరున్నారో చెప్పేవాడుండడు. వాడని పోర్టులు తెరిచే ఉంటాయి. ఎవరైనా వచ్చి గుచ్చుకోవచ్చు. గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీ, మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయం లాంటి చోట్ల పుస్తకంలో ఇవన్నీ చెబుతూనే ఉంటారు. ఒక్క సెమిస్టరు పిల్లల్ని కంట్రోల్ రూములకు పంపితే ఇటు వాళ్లకు చేతి పని వస్తుంది, అటు ఆపరేటర్లకు రాతపని జరుగుతుంది.

అందాకా ఆపరేటరు సోదరులకు ఒక మనవి. ఈ వారమే ప్రతి పోర్టుకూ డిస్క్రిప్షన్ రాయండి: వీధి, కస్టమరు, తేదీ. వాడని పోర్టుకు షట్‌డౌన్ కొట్టండి. కాన్ఫిగరేషన్ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇంకొకటి ప్రింటు తీసి, తుపానుకు కంట్రోల్ రూమ్ మునిగినా మిగిలేలా ఇంట్లో దాచండి. మిచాంగ్ తుపాను 2023లో బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. మనకు తుపాన్ల కాలం అక్టోబరులోనే మొదలవుతుంది.