ఉన్ని దారం ఎంపికలో ఔచిత్యం: కేఫ్ ఫాసెట్, జారెడ్ ఫ్లడ్ అల్లికల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

అల్లిక వస్త్రాలను గురించిన విమర్శ సాధారణంగా నమూనాను, ఆకారాన్ని, రంగును చర్చించి దారాన్ని ముడిసరుకుగా పక్కన పెడుతుంది. ఒక కాలపు సాంస్కృతిక అభిరుచి నమూనా కంటే ముందుగా దారం ఎంపికలోనే వ్యక్తమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అమెరికాలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన కేఫ్ ఫాసెట్, అమెరికన్ రూపకర్త జారెడ్ ఫ్లడ్ ఎంచుకున్న దారాలను క్షేమేంద్రుడు చెప్పిన కాలౌచిత్యం, దేశౌచిత్యం, స్వభావౌచిత్యం అనే మూడు కొలమానాలతో పరిశీలిస్తుంది. ఆ పరిశీలన నుంచి వచ్చే ‘దారాన్ని ఎంచుకునేది ఎవరు?’ అనే ప్రశ్నను నరసాపురం లేసు అల్లికకు అన్వయిస్తుంది.

కీలకపదాలు: అల్లిక, ఉన్ని దారం, ఔచిత్యం, కేఫ్ ఫాసెట్, జారెడ్ ఫ్లడ్, నరసాపురం లేసు, శ్రమ.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో కవి కావ్యాన్ని అల్లుతాడు, తల్లి జడ అల్లుతుంది, గూడు అల్లేది పక్షి. ఇంత విస్తృతమైన క్రియ ఉన్న భాషలో అల్లిక వస్త్రాన్ని గురించిన విమర్శ మాత్రం దాదాపు లేదు. చేనేతను సాహిత్యంలో, చరిత్రలో కొంతవరకు చర్చించాం. ఒకటి రెండు సూదులతో ఇంట్లో కూర్చుని చేసే అల్లికను మాత్రం ‘ఆడవాళ్ల తీరిక పని’గా వదిలేశాం. ఇది భాషలోని లోటు కాదు, చూపులోని లోటు.

పాశ్చాత్య దేశాలలో గత యాభై అరవై ఏళ్లుగా అల్లిక వస్త్ర రూపకర్తలు రచయితలతో సమానంగా గుర్తింపు పొందారు. వారి పుస్తకాలు వెలువడ్డాయి, ప్రదర్శనలు జరిగాయి. అయితే అక్కడి చర్చ కూడా ఎక్కువగా నమూనా చుట్టూ తిరుగుతుంది. నిజానికి రూపకర్త తీసుకునే మొదటి నిర్ణయం దారం. ఏ గొర్రె ఉన్ని, ఏ పద్ధతిలో వడికినది, ఎక్కడిది, ఎంత ధర అన్నవి తేలిన తరువాతే నమూనా వస్తుంది. ఆ నిర్ణయంలో రూపకర్త వ్యక్తిగత రుచి ఎంత, ఆ కాలం నెత్తికెత్తుకున్న మోజు ఎంత అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం.

2. పరిశీలన పద్ధతి:

11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా ప్రతిపాదించి, అది కనిపించే 27 స్థానాలను పేర్కొన్నాడు. వాటిలో కాలం, దేశం, స్వభావం ఉన్నాయి. కవిత్వానికి చెప్పిన సిద్ధాంతాన్ని ఉన్నికి అన్వయించడం ఉచితమేనా అనే సందేహం సహజం. అయితే క్షేమేంద్రుడే తన వాదానికి ఉదాహరణను శరీరం మీది అలంకరణ నుంచి తెచ్చుకున్నాడు. మొలనూలు మెడలో వేసుకుంటే, హారం నడుముకు చుట్టుకుంటే నగుబాటే కదా అన్నది ఆయన తర్కం. వస్తువు విలువ దాని వెలలో కాక అది చేరిన చోటుతో కుదిరే పొందికలో ఉందన్న ఆ సూత్రం ధరించే వస్త్రానికి దూరమైనది కాదు.

పరిభాషను గురించి రెండు మాటలు అవసరం. నేతలో పడుగు, పేక అనే రెండు వరుసల పోగులు అడ్డంగా, నిలువుగా కలుస్తాయి. చేతి అల్లికలో దారం వరుసగా ఉచ్చులై, ఒక ఉచ్చులోంచి మరొక ఉచ్చు బయటికి వస్తుంది. అందువల్ల దారంలోని పురి, లావు, మెత్తదనం వస్త్రంలో తేటగా కనబడతాయి. తెలుగువారికి ఉన్ని అనగానే గుర్తొచ్చే గొంగడి నేసినది, అల్లినది కాదు.

ఉన్నిని దారంగా మార్చే పద్ధతులు ప్రధానంగా రెండు. పీచును దువ్వి, పోగులన్నీ ఒకే దిశలో సమాంతరంగా ఉండేటట్టు వడికితే వర్‌స్టెడ్ దారం వస్తుంది. ఇది నునుపుగా, గట్టిగా ఉంటుంది. పీచును ఏకి, పోగులు చిక్కుబడి ఉండగానే వడికితే వూలెన్ దారం వస్తుంది. దీనిలో గాలి నిలుస్తుంది కనుక తేలికగా, వెచ్చగా ఉంటుంది. గట్టిదనం మాత్రం తక్కువ. ఈ తేడా తెలియకుండా ఫ్లడ్ ఎంపికను అంచనా వేయలేం.

3. కేఫ్ ఫాసెట్ - వర్ణద్రవ్యంగా దారం:

1937లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జన్మించిన ఫాసెట్ మొదట చిత్రకారుడు. 1964లో ఇంగ్లండు చేరాడు. ఫ్యాషన్ రూపకర్త బిల్ గిబ్‌తో కలిసి స్కాట్లండు వెళ్లినప్పుడు అక్కడి ఉన్ని మిల్లులో కొండల రంగులన్నీ దారాలుగా కనిపించాయనీ, ఇరవై రంగుల దారం కొన్నాడనీ, తిరుగు ప్రయాణంలో రైలులో ఒక తోటి ప్రయాణికురాలు అల్లడం నేర్పిందనీ ఆయన చెప్పుకున్న వృత్తాంతం ప్రసిద్ధం. ఈ వృత్తాంతంలో విమర్శకుడు గమనించవలసింది క్రమాన్ని. దారం ముందు వచ్చింది, విద్య తరువాత వచ్చింది. అల్లడం తెలియకముందే ఎంపిక జరిగిపోయింది.

ఆ క్రమమే ఆయన శైలిని నిర్ణయించింది. ఫాసెట్ అల్లికలలో ఆకారం సరళం, అల్లే పద్ధతి ఎక్కువగా సాదా అల్లికే. సంక్లిష్టత అంతా రంగులో ఉంటుంది. ఉన్ని, మోహైర్, పట్టు, నూలు, షెనీల్ వంటి భిన్న జాతుల దారాలను ఒకే వస్త్రంలోకి తెస్తాడు. సన్నని పోగులు రెండు మూడు కలిపి ఒకే దారంగా అల్లుతాడు. చిత్రకారుడు పళ్లెంలో రంగులు కలిపినట్టు ఆయన సూది మీద దారాలు కలుపుతాడు. ఇక్కడ ఏ దారమూ తన పేరుతో నిలవదు, అన్నీ వర్ణద్రవ్యంగా మారతాయి. స్వభావౌచిత్యం దృష్ట్యా ఇది లోపంగా తోచవచ్చు. పట్టు పట్టుగానూ మోహైర్ మోహైర్‌గానూ మాట్లాడే అవకాశం ఇందులో తక్కువ. అయితే వెలుతురును పట్టు తిప్పికొట్టే తీరు, మోహైర్ మసకబార్చే తీరు ఆ రంగుల అమరికలో పనిచేస్తూనే ఉంటాయి. దారం పేరు మరుగైనా గుణం మరుగు కాలేదు. కనుక స్వభావౌచిత్యం ఇక్కడ భంగపడలేదనే నా అభిప్రాయం.

కాలౌచిత్యం మరింత స్పష్టం. 1960ల చివరి నుంచి పాశ్చాత్య యువతలో తూర్పు దేశాల వస్త్రాలపై, పాతవస్తువుల దుకాణాలపై, చేతిపనిపై మోజు పెరిగింది. గిబ్ రూపొందించిన, ఫాసెట్ అల్లిక భాగంగా ఉన్న దుస్తులు 1970కి బాత్ నగరపు మ్యూజియం ‘ఈ సంవత్సరపు దుస్తులు’గా ఎంపికయ్యాయి. 1985లో వెలువడిన ఆయన పుస్తకం ‘గ్లోరియస్ నిట్టింగ్’ చేతి అల్లికకు కొత్త పాఠకులను తెచ్చింది. 1988లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆయన ప్రదర్శన జరిగింది.

దేశౌచిత్యం దగ్గర ప్రశ్న మిగులుతుంది. తుర్కీ కిలీము, చైనా పింగాణి, పర్షియన్ తివాచీ ఆయన స్వెట్టర్లలో పక్కపక్కన చేరతాయి. అవి తమ దేశాలను, తమ పనివారిని వదిలి రంగుల అమరికలుగా మాత్రమే మిగులుతాయి. దీన్ని దొంగతనం అనడం తొందరపాటు, నిరపాయం అనడం అమాయకత్వం. ఈ లోపానికి ఎదురుగా నిలిచే గుణం ఒకటుంది. ఫాసెట్ అల్లేవారికి స్వేచ్ఛ ఇచ్చాడు. చేతిలో ఉన్న దారం వాడండి, రంగు చాలకపోతే దగ్గరి రంగు కలపండి అన్న ఆయన ధోరణి పాఠకురాలిని సహరూపకర్తగా మార్చింది. అదే నమూనాలు నిర్ణీత రంగుల దారాలతో కిట్లుగా అమ్ముడైనప్పుడు ఆ స్వేచ్ఛ కుదించుకుపోయింది. స్వేచ్ఛను బోధించిన పుస్తకం పక్కనే దాన్ని అనవసరం చేసే పెట్టె అంగడిలోకి వచ్చింది.

4. జారెడ్ ఫ్లడ్ - చిరునామాగా దారం:

ఫ్లడ్ 2005లో ‘బ్రూక్లిన్ ట్వీడ్’ పేరుతో అంతర్జాలంలో తన అల్లికల గురించి రాయడం ప్రారంభించి, 2010లో ‘షెల్టర్’ అనే దారాన్ని విడుదల చేశాడు. ఆ పేరుకు ఆశ్రయమని అర్థం. అమెరికా పశ్చిమ రాష్ట్రమైన వ్యోమింగ్‌లో పెరిగిన టార్గీ-కొలంబియా గొర్రెల ఉన్నిని న్యూహాంప్‌షైర్‌లోని హారిస్‌విల్ మిల్లులో వూలెన్ పద్ధతిలో వడికించాడు. దారం తయారయ్యాక రంగు వేయక, పీచు దశలోనే రంగు వేసి కలిపి వడికినందువల్ల ఒక్కొక్క రంగులో అనేక ఛాయలు దాగి ఉంటాయి.

ఫాసెట్‌కు దారం వర్ణద్రవ్యమైతే ఫ్లడ్‌కు అది చిరునామా. ఏ గొర్రె, ఏ రాష్ట్రం, ఏ మిల్లు అన్నవి చిలపతోపాటు కొనేవారికి అందుతాయి. ఈ ఎంపిక కాలానికి చెందినదే. అదే 2010లో కాలిఫోర్నియాలో రెబెకా బర్జెస్ 150 మైళ్ల పరిధిలో పండిన పీచుతో తయారైన దుస్తులే ధరించాలన్న సంకల్పంతో ‘ఫైబర్‌షెడ్’ ప్రయత్నానికి పూనుకుంది. బ్రిటన్‌లో ఉన్ని వాడకాన్ని పెంచే ప్రచారోద్యమం కూడా ఆ ఏడాదిదే. తినే తిండి ఎక్కడిదని అడిగిన తరం కట్టే బట్ట ఎక్కడిదని కూడా అడగడం మొదలుపెట్టింది.

స్వభావౌచిత్యంలో ఫ్లడ్ ఎంపిక గట్టిది. వూలెన్ దారం లాగితే తెగుతుంది, కుట్టు కలిపేటప్పుడు అల్లేవారిని ఇబ్బంది పెడుతుంది. అయినా దళసరి జడల నమూనాలు అల్లినప్పుడు వస్త్రం బరువెక్కదు. జడలు ఒకదానిపై ఒకటి పొరలుగా చేరే ఫ్లడ్ స్వెట్టర్లకు ఈ తేలికదనం ప్రాణం. అదే నమూనాను బిగువైన వర్‌స్టెడ్ దారంతో అల్లితే జడ మరింత తీర్చినట్టు కనిపిస్తుంది గాని స్వెట్టరు భుజాలను కిందికి లాగుతుంది. దారమూ నమూనా ఒకదాన్నొకటి కోరుకున్న సందర్భమిది.

దేశౌచిత్యంలోనే మాట తడబడుతుంది. పడమటి రాష్ట్రపు ఉన్ని, తూర్పు కొసన ఉన్న మిల్లు, వ్యాపార నామంలో న్యూయార్క్ పేట. వీటన్నిటినీ కలిపి ‘మన నేల దారం’ అన్నప్పుడు స్థానికత గ్రామాన్ని దాటి దేశమంతా పరచుకుంటుంది. మూతపడిన మిల్లుల దేశంలో మిగిలిన మిల్లుకు పని దొరకడం మెచ్చదగినది. హారిస్‌విల్‌లో పాత మిల్లు 1970లో మూతపడ్డాక ఆ ఊరు వడకు పనిని నిలుపుకోవడానికి చేసిన కృషి అలాంటిది. కాని చిరునామా చెప్పడం వేరు, ఆ చిరునామాలో పనిచేసేవారిని చూపడం వేరు. గొర్రె జాతి పేరు చీటీ మీదికెక్కింది. ఉన్ని కత్తిరించినవారి కూలి చీటీ మీదికెక్కలేదు.

5. తులన:

ఇద్దరినీ పక్కపక్కన పెడితే ఒక విషయం తేలుతుంది. ఫాసెట్ దారంలో సమృద్ధి ఉంది, మూలం చెదిరింది. ఫ్లడ్ దారంలో మూలం ఉంది, ఎంపిక కుదించుకుంది. ఒకరిది ప్రపంచమంతా నాదే అన్న కాలపు దారం, రెండవవారిది నా ఊరు ఏది అని వెతుక్కున్న కాలపు దారం. రెండింటిలోనూ సాంస్కృతిక అభిరుచి దారాన్ని వెలిగించింది, చేతిని మాత్రం నీడలో ఉంచింది. గిబ్ కోసం ఫాసెట్ ఊహలను సూదుల మీద సాకారం చేసిన మిల్డ్రెడ్ బౌల్టన్ వంటివారి పేర్లు ప్రత్యేకంగా వెతికితే గాని కనబడవు.

అభిరుచిని అనుసరించడం దోషం కాదు. ఏ కళా కాలానికి వెలుపల పుట్టదు. అభిరుచి తనకు అక్కరలేని దాన్ని దారంలోంచి తొలగించినప్పుడు దోషం మొదలవుతుంది. తొలగినది ఏమిటో చెప్పడం విమర్శ బాధ్యత.

6. నరసాపురం - ఎంపిక లేని దారం:

ఈ బాధ్యత తెలుగు విమర్శకు దగ్గరి ఉదాహరణ ఉంది. పశ్చిమగోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వ్యాపించిన లేసు పని క్రోషే అల్లిక. రెండు సూదులకు బదులు ఒక కొక్కెపు సూది, ఉన్నికి బదులు నూలుదారం. సాంకేతికంగా వేరైనా ఉచ్చులోంచి ఉచ్చు తీసే మూలసూత్రం ఒకటే. ఈ లేసు విదేశీ అంగడి అభిరుచులను అనుసరించి తయారవుతూ వచ్చింది.

1982లో వెలువడిన మరియా మీస్ గ్రంథం ‘ద లేస్‌మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ ఈ పనిని లోతుగా పరిశీలించింది. మధ్యవర్తులు దారం ఇస్తారు, స్త్రీలు ఇంట్లో అల్లుతారు, కూలి పనిని బట్టి లెక్కగడతారు. ప్రపంచ విపణికి సరుకు తయారుచేస్తున్నా వారిని శ్రామికులుగా కాక గృహిణులుగా చూడటం వల్లనే కూలి అంత తక్కువగా నిలిచిందని ఆమె వాదన. తీరిక పని అన్న మాట ఇక్కడ వర్ణన కాదు, కూలిని తగ్గించే సాధనం.

ఫాసెట్, ఫ్లడ్‌లకు వేసిన ప్రశ్ననే ఇక్కడ వేస్తే కొలమానమే మారిపోతుంది. అల్లే స్త్రీకి దారం ఎంచుకునే అవకాశం లేనప్పుడు ఔచిత్యాన్ని ఎవరికి ఆపాదించాలి? క్షేమేంద్రుడి సిద్ధాంతం ఎంపిక చేసే కర్తను ముందే ఊహించుకుంది. కవికి పదం ఎంచుకునే స్వేచ్ఛ ఉంది. నమూనా ఒకరిది, దారం మరొకరిది, చూపూ వేళ్లూ మాత్రమే తనవైన మనిషి పని గురించి ఆ సిద్ధాంతం మౌనంగా ఉంటుంది. ఈ వ్యాసం ఎంచుకున్న పద్ధతికి ఇదే హద్దు.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇది హర్షించదగినది. నకిలీ సరుకు నుంచి ఊరి పేరుకు రక్షణ దొరికింది. అయితే ఇది కూడా ఫ్లడ్ దారం మీది చీటీ వంటిదే. ‘ఎక్కడిది’ అన్న ప్రశ్నకు జవాబు చెబుతుంది, ‘ఎవరు ఎంచుకున్నారు, ఎవరికెంత దక్కింది’ అన్న ప్రశ్నలను ముట్టుకోదు. నేటి మూలాభిమానం మన దగ్గరికీ వచ్చిందనడానికి ఈ గుర్తింపు ఒక సూచన. దానితోపాటు ఆ అభిమానం మరుగుపరిచేదేమిటో అడిగే విమర్శ కూడా రావాలి.

7. ముగింపు:

అల్లిక వస్త్రంలో దారం నిష్క్రియమైన ముడిసరుకు కాదు. కాలపు అభిరుచి మొదట నిలిచే చోటు అదే. ఫాసెట్ విషయంలో స్వభావౌచిత్యం, కాలౌచిత్యం నిలిచి దేశౌచిత్యం సడలింది. ఫ్లడ్ విషయంలో స్వభావౌచిత్యం అత్యంత బలంగా ఉండి, స్థానికత అనే మాట తన పరిధిని మించి విస్తరించింది. ఇద్దరి ఎంపికలనూ మెచ్చుకోవచ్చు. ఎంపిక చేయగలగడమే ఒక అధికారం అన్న సంగతిని మాత్రం మరవకూడదు.

ఔచిత్య సిద్ధాంతానికి ఆధునిక అన్వయాలు చేసే పరిశోధకులు 27 స్థానాల పక్కన శ్రమ అనే స్థానాన్ని కూడా ఆలోచించవలసి ఉంది. ‘ఈ దారం ఈ వస్త్రానికి తగినదా?’ అనే ప్రశ్న వెంటనే ‘తగినదని నిర్ణయించినది ఎవరు?’ అనే ప్రశ్నను కూడా వేయాలి. ఆ రెండవ ప్రశ్న వేసిననాడు నరసాపురం లేసు తెలుగు విమర్శలో తీరిక పనిగా కాక పనిగా కనిపిస్తుంది.