నరం తడిమే వేలు
పుదుచ్చేరిలో సారం దాటి గోరిమేడు వైపు వెళితే జిప్మర్ ఆసుపత్రి. 2008 చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఇలాంటి చోట ఏటా శస్త్రచికిత్సలూ పరిశోధనలూ లెక్కకొస్తాయి. నాకు మాత్రం రక్తం తీసే టెక్నీషియన్ చూపుడువేలంటే గౌరవం. కంటికి కనపడని నరాన్ని మోచేతి మడతలో తడిమి పట్టేస్తుంది. రబ్బరు పట్టీ నిమిషం మించి ఉంచరు, ఫలితాలు మారిపోతాయి. నీలం మూత గొట్టం ముందు నింపి, ఊదా మూతది తర్వాత. ఊదా గొట్టాన్ని గట్టిగా ఊపితే కణాలు చిట్లుతాయి; అందుకే మెల్లగా పదిసార్లు తలకిందులు చేసి తిప్పుతారు. పేరు రోగినే అడిగి, ఎదుటే అంటిస్తారు. యానాం నుంచి వచ్చిన పెద్దావిడకైతే వచ్చీరాని తెలుగులోనే జాగ్రత్త చెబుతారు: "దూది అదిమి పట్టుకోండమ్మా, చెయ్యి మడవకండి, కమిలిపోతుంది."